థాంక్స్ చెబితే తీరే బాకీ కాదు

ఏరు దాటి తెప్ప తగలేసేవాడి సంగతి మన పెద్దలు ఏనాడో చెప్పారు. ఆపదలో ఆదుకున్నవాణ్ణి గట్టెక్కగానే మరిచిపోవడం లోకంలో వున్నదే. అయితే ఇందులోనే ఇంకో రకం వుంది. ఆదుకున్నవాడి మెడలో దండ వేసి, చప్పట్లు కొట్టి, పక్కన నిలబడి ఫొటో తీయించుకుని, ఇక చెల్లుకు చెల్లు అనుకోవడం. మొదటి రకాన్ని అందరం తప్పు పడతాం. రెండో రకాన్ని మర్యాద అంటాం. నన్నడిగితే రెండోది కూడా తెప్ప తగలేయడమే. కాకపోతే పసుపూ కుంకుమా పెట్టి మరీ తగలేయడం.

మన కాలేజీ సభల్లో చివరన వందన సమర్పణ దగ్గర 'కృతజ్ఞత' అన్న మాట తెగ వాడతాం. ఆ మాటను విడదీసి చూస్తే 'కృతం' అంటే చేసినది, 'జ్ఞ' అంటే ఎరిగినవాడు. అంటే ఒకరు మనకోసం ఏం చేశారో, అందుకు వాళ్ళకేం ఖర్చయిందో ఎరిగి వుండటమే కృతజ్ఞత. అది ఎరగకుండా చెప్పే థాంక్స్ వుత్త నోటిమాట. ఆస్ట్రేలియా కార్చిచ్చుల గురించి చదివినప్పుడు నాకు ఈ సంగతి బాగా తట్టింది. అక్కడ పల్లెల్లో, అడవుల్లో మంటలార్పేవాళ్ళలో అత్యధికులు జీతం పుచ్చుకోని వాలంటీర్లు. అందులో రైతులు ఎందరో. వాళ్ళకు ఆ దేశం థాంక్స్ చెప్పిన తీరులో మనం నేర్చుకోవలసిందీ వుంది, జాగ్రత్త పడవలసిందీ వుంది.

ముందు జరిగిందేమిటో చూద్దాం. 2019 చివరి నెలల నుంచి 2020 తొలి నెలల దాకా ఆస్ట్రేలియా తూర్పు, దక్షిణ ప్రాంతాల్లో అడవులు తగలబడుతూనే వున్నాయి. మనకు చలికాలమైతే వాళ్ళకు వేసవి గదా. ఆ వేసవిని వాళ్ళు 'నల్ల వేసవి' అని పిలుచుకుంటున్నారు. తర్వాత ఏర్పాటైన రాయల్ కమిషన్ లెక్క ప్రకారం కాలిపోయిన నేల 2 కోట్ల 40 లక్షల హెక్టార్ల పైమాట. మన ఎకరాల్లో చెప్పాలంటే దగ్గర దగ్గర 6 కోట్ల ఎకరాలు. ఆంధ్ర, తెలంగాణ రెండూ కలిపినదానికి కాస్త తక్కువ. 3 వేలకు పైగా ఇళ్ళు బూడిదయ్యాయి. మంటల్లో 33 మంది పోయారు. పొగ వల్ల పోయినవాళ్ళు అంతకు ఎన్నోరెట్లు. ఆ 33 మందిలో 9 మంది మంటలార్పడానికి వెళ్ళి తిరిగిరానివాళ్ళు. వాళ్ళలో ముగ్గురు అమెరికా నుంచి సాయానికి వచ్చిన విమాన సిబ్బంది.

ఎక్కడో ఆస్ట్రేలియాలో అడవి కాలితే మనకేమిటి అని కొందరు మిత్రులు అనవచ్చు. కాని వాళ్ళ అడవినీ మన చెరువునూ కలిపే సముద్రం ఒకటుంది. 2019లో హిందూ మహాసముద్రంలో పడమటి నీరు బాగా వేడెక్కింది, తూర్పు నీరు చల్లబడింది. శాస్త్రజ్ఞులు దీన్ని 'ఇండియన్ ఓషన్ డైపోల్' అంటారు. తూగు ఇటు వచ్చినప్పుడు సాధారణంగా మనకు వానలు బలపడతాయి, ఆస్ట్రేలియాకు వానలు ముఖం చాటేస్తాయి. ఆ ఏడు మన నైరుతి వర్షపాతం దీర్ఘకాలపు సగటులో 110 శాతం. ఆగస్టులో కృష్ణకు వరదొచ్చి శ్రీశైలం, సాగర్ గేట్లు ఎత్తారు. అదే 2019 ఆస్ట్రేలియాలో అప్పటిదాకా వున్న రికార్డులన్నిటిలోకీ అతి వేడి, అతి ఎండు సంవత్సరం. ఏళ్ళ తరబడి సాగిన కరువూ, పెరుగుతున్న భూతాపమూ దానికి తోడయ్యాయి. పైగా 2021 నాటి వాళ్ళ జనాభా లెక్కల్లో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళు యాభై వేలు దాటారు. మనవాళ్ళూ ఆ పొగ పీల్చినవాళ్ళే.

ఇక మంటలార్పినవాళ్ళ సంగతి. న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో ఈ పని చూసే 'రూరల్ ఫైర్ సర్వీస్'లో వాలంటీర్లే 70 వేల పైచిలుకు. దళాలు 2 వేల దాకా వున్నాయి. విక్టోరియాలో 'కంట్రీ ఫైర్ అథారిటీ' వుంది. 1939 జనవరిలో 71 మందిని బలిగొన్న మంటలూ, మళ్ళీ 1943-44 మంటలూ చూశాక 1945లో దాన్ని నెలకొల్పారు. వీటన్నిటికీ ముందే, 1896లో, బెరిగన్ అనే చిన్న వూళ్ళో జనం తమంత తాము కూడి దళం కట్టుకున్నారు. ఈ దళాల్లో బడిపంతులుంటాడు, కరెంటు పనివాడుంటాడు, కొట్టు నడిపే ఆవిడ వుంటుంది, రైతు వుంటాడు. కబురు రాగానే చేతిలో పని అక్కడే వదిలేసి ట్యాంకరు ఎక్కుతారు.

చేతిలో పని వదలడమంటే ఏమిటో కాస్త ఆలోచించండి. ఆ దేశపు దక్షిణాన గోధుమ కోతలు అక్టోబరు నుంచి జనవరి దాకా సాగుతాయి. మంటల కాలం కూడా సరిగ్గా అదే. కోతకొచ్చిన తన చేను వదిలి, ముక్కూ మొహం తెలియనివాడి చేను కాపాడటానికి పోవడం! మా ఇళ్ళల్లో వడ్లు కళ్ళంలో వుండగా మబ్బు పడితే పెద్దవాళ్ళకు అన్నం సయించదు. రైతు ఇంట పుట్టినవాడికి ఆ పోవడం ఎంత పెద్ద సంగతో ఇంకొకరు చెప్పనక్కరలేదు.

మంటలార్పడమంటే గొట్టం పట్టుకుని నీళ్ళు కొట్టడం అనుకుంటాం. నిప్పుకు కావలసినవి మూడని సైన్సు చదివినవాళ్ళందరికీ తెలుసు. మండే వస్తువు, వేడి, ఆక్సిజన్. అడవిలో గాలిని ఆపలేం. అంత వేడిని చల్లార్చే నీళ్ళు తేలేం. ఇక చేతిలో వున్నది మండే వస్తువు ఒక్కటే. అందుకని మంట వచ్చే దారిలో బుల్‌డోజర్లతోనూ, చేతి పనిముట్లతోనూ ఆకూ అలమూ గీకి, వుత్త మట్టి తేలేదాకా బాట తీస్తారు. ఆ బాట మీద నిలబడి, వచ్చే మంటకు ఎదురుగా తామే నిప్పు పెడతారు. ఆ ఎదురుమంట ముందే అంతా తినేస్తే పెద్దమంటకు తినడానికేమీ మిగలదు. కాని గాలి తిరిగిందో, పెట్టిన నిప్పే మీదికొస్తుంది.

మన ప్రకాశం, ఖమ్మం వైపు కాగితం మిల్లుల కోసం వేసే జామాయిల్ చెట్టుకు పుట్టిల్లు ఆ దేశమే. దాని ఆకులో నూనె వుంటుంది. బెరడు పట్టీలు పట్టీలుగా వూడి, అంటుకుని, గాలికి లేచి కిలోమీటర్ల దూరాన పడి కొత్త మంట పెడుతుంది. నేల వాలు 10 డిగ్రీలు పెరిగితే ఎగువకు పాకే మంట వేగం ఇంచుమించు రెట్టింపవుతుంది. గుట్ట ఎక్కడం మనిషికి కష్టం, మంటకు సుఖం. అన్నిటికంటే ప్రమాదం గాలి మళ్ళడం. సన్నగా, పొడుగ్గా పోతున్న మంటకు గాలి పక్కకు తిరిగిందంటే ఆ పొడుగంతా ఒక్కసారిగా ముఖమై కూర్చుంటుంది. 1983 ఫిబ్రవరి 16న విక్టోరియా, దక్షిణ ఆస్ట్రేలియాల్లో 75 మంది చనిపోయిన రోజున, అప్పర్ బీకన్స్‌ఫీల్డ్ దగ్గర 12 మంది వాలంటీర్లు అలాగే చిక్కుకుపోయారు. 1998 డిసెంబరు 2న లింటన్ దగ్గర ఇంకో 5 గురు.

నల్ల వేసవిలో 2019 డిసెంబరు 19 రాత్రి, సిడ్నీకి నైరుతిగా బక్స్‌టన్ దగ్గర చెట్టు కూలి ట్యాంకరు బోల్తా పడింది. ఇద్దరు వాలంటీర్లు పోయారు. ఇద్దరూ పసిబిడ్డల తండ్రులు. పదకొండు రోజుల తర్వాత మంటల సుడిగాలి పది టన్నుల వాహనాన్ని తిరగేస్తే ఇంకో యువకుడు పోయాడు. అతని భార్య అప్పుడు గర్భవతి. అంత్యక్రియలప్పుడు సర్వీసు అధిపతి షేన్ ఫిట్జ్‌సైమన్స్ వంగి, రెండేళ్ళు కూడా నిండని పిల్లవాడి చొక్కాకు తండ్రి పతకం గుచ్చాడు. ఫిట్జ్‌సైమన్స్ తండ్రి కూడా 2000లో ఇదే పనిలో ప్రాణం విడిచినవాడే.

ఆ దేశ ప్రజలు రాయిలా వూరుకున్నారని నేననను. రోడ్ల పక్కన, కంచెల మీద చేత్తో రాసిన థాంక్స్ బోర్డులు వెలిశాయి. సిడ్నీ ఓపెరా హౌస్ గోడల మీద వాలంటీర్ల బొమ్మలు వెలుగులో చూపించారు. క్రికెటర్ షేన్ వార్న్ తన టెస్టు టోపీ వేలం వేస్తే 10 లక్షల డాలర్ల పైన పలికింది. 2020 ఫిబ్రవరి 9న మెల్బోర్న్‌లో విరాళాల మ్యాచ్ జరిగింది. విరామంలో మన సచిన్ బ్యాటు పట్టి ఎలిస్ పెర్రీ వేసిన ఓవరు ఆడాడు. ఇవన్నీ మంచివే. మంచి మాటకు విలువ లేదని ఎవడంటాడు? మూడు రోజులుగా నిద్ర లేనివాడికి దారిలో కనబడిన ఒక్క బోర్డు ఎంత బలమిస్తుందో!

కాని చిక్కు ఇక్కడే వుంది. మనిషిని 'హీరో' అని పిలిచాక అతని ఇంటి అద్దె గురించి అడగడం మానేస్తాం. హీరోకు కూలి పోతుందా, హీరోకు దగ్గు వస్తుందా! కొన్ని వూళ్ళ దళాలు పొగ ఆపే మాస్కుల కోసం చందాలు అడగవలసి వచ్చింది. వారాల తరబడి పని పోగొట్టుకున్నవాళ్ళకు నష్టం కట్టివ్వమని అడిగితే, కేంద్ర ప్రభుత్వం మొదట అక్కరలేదన్నది. విమర్శలు ముదిరాక 2019 డిసెంబరు చివర్లో ఒప్పుకున్నది. పది రోజులకు మించి సేవ చేసి, సొంత పనో చిన్నపాటి సంస్థలో వుద్యోగమో చేసుకునేవారికి రోజుకు 300 డాలర్ల దాకా, మొత్తం 6 వేలు మించకుండా. ఆ మాట అంత ఆలస్యంగా రావడమే నాకు నచ్చని విషయం.

దీనికి ఒక జవాబుంది, అదీ తేలిగ్గా తీసేయదగ్గది కాదు. మేం డబ్బు కోసం రాలేదని చాలామంది వాలంటీర్లే అన్నారు. జీతమిస్తే అది వుద్యోగమవుతుంది, వూరివాళ్ళంతా కలిసి చేసుకునే పనిలోని ఆత్మ పోతుందని వాళ్ళ భయం. నిజమే. అయితే జీతం వేరు, నష్టపరిహారం వేరు. సాయానికి వచ్చిన పొరుగువాడి ఎద్దు మన పొలంలో కాలు విరిగితే ఎద్దు ఖరీదు ఇస్తాం. అది అతని మంచితనానికి కట్టిన వెల కాదు. అతని మంచితనం అతనికి నష్టం కాకుండా చూడటం మన వంతు పని. ఇది చేయని వూళ్ళో మరుసటేడు సాయానికి వచ్చేవాడు దొరకడు.

థాంక్స్ డబ్బు రూపంలో వచ్చినా ఆలోచన లేకపోతే ఏమౌతుందో చూడండి. సెలెస్ట్ బార్బర్ అనే హాస్యనటి రూరల్ ఫైర్ సర్వీసు కోసం చందా మొదలుపెడితే లోకమంతా కలిసి 5 కోట్ల డాలర్లకు పైగా పంపింది. ఇళ్ళు కాలినవాళ్ళకూ, ఇతర రాష్ట్రాలకూ, జంతువులకూ కొంత చేరాలని దాతల్లో ఎందరో ఆశించారు. కాని ఆ నిధి పత్రంలో వున్న రాత ప్రకారం డబ్బును దళాల పరికరాలకూ, శిక్షణకూ, చనిపోయిన లేదా గాయపడిన వాలంటీర్ల కుటుంబాలకూ వాడవచ్చు గాని ఇతర సంస్థలకు ఇచ్చే వీల్లేదని 2020 మేలో న్యూ సౌత్ వేల్స్ సుప్రీం కోర్టు తేల్చింది. ఇందులో ఎవరి మోసమూ లేదు. నిప్పంటుకున్నాక బావి తవ్వడం మొదలుపెడితే నీళ్ళు ఎటు పారాలో కూడా అప్పుడే వెదుక్కోవాలి. ఆ డబ్బులో పదో వంతు నాలుగేళ్ళ ముందు మాస్కుల కింద వచ్చివుంటే ఎంత బాగుండేది!

మరి ట్యాంకరు మీద కనబడేవాళ్ళకేనా ఈ బాకీ? వాళ్ళ వెనక వూళ్ళకు వూళ్ళు పనిచేశాయి. భర్త మంటలకు పోతే గొడ్ల పని ఒంటరిగా చూసుకున్న ఇల్లాలు, సెలవిచ్చిన యజమాని, అర్ధరాత్రి రొట్టెలు చేసిపెట్టిన ముసలమ్మలు, కాలిన వూళ్ళ పశువులకు లారీల్లో గడ్డి పంపిన దూరపు రైతులు. 2019 డిసెంబరు 31న మల్లకూటా అనే వూళ్ళో 4 వేల మంది మంటకు తప్పుకుని సముద్రపు ఒడ్డున చిక్కుబడిపోతే, ఆ వూరి దళం వెనక్కి తగ్గలేదు. తర్వాత నౌకాదళపు ఓడ వచ్చి వెయ్యి మంది పైనే తీసుకుపోయింది. మెల్బోర్న్ నుంచి సిక్కు వాలంటీర్లు వ్యానులో బెయిర్న్స్‌డేల్ చేరి, ఇల్లు వదిలి వచ్చినవాళ్ళకు వేడి అన్నం, కూర వడ్డించారు. గురుద్వారా లంగరు కార్చిచ్చు దాకా నడిచి వెళ్ళిందన్నమాట.

మన పల్లెల్లో కూడా ఈ పద్ధతి కొత్తది కాదు. తాటాకు పాకకు నిప్పంటుకుంటే ఎవరూ పిలవకుండానే వూరంతా కడవలతో పరుగెత్తుతుంది. తెలివైనవాళ్ళు కాలే పాక జోలికి పోరు, పక్క పాక కప్పు లాగి పడేస్తారు. ఆస్ట్రేలియావాడు బుల్‌డోజరుతో చేసేది మనవాళ్ళు వుత్త చేతుల్తో చేశారు. మర్నాడు ఎవరూ ఎవరికీ థాంక్స్ చెప్పరు. ఒకరు నాలుగు వాసాలిస్తారు, ఒకరు తాటాకు కొట్టిస్తారు, ఒకరు నెల గ్రాసం కొలుస్తారు. అలా తీసుకున్నవాడు ఇంకో పాక కాలిన రోజున ముందు పరుగెత్తాలి. లెక్క అలా తీరుతుంది.

ఈ లెక్కే ఆస్ట్రేలియాలో ఒక గొప్ప సంస్థకు పుట్టుక అయింది. 2009 ఫిబ్రవరి 7న విక్టోరియాలో 173 మంది చనిపోయిన మంటల్లో కిల్మోర్ ఈస్ట్ దగ్గర ఒక రైతు దంపతుల కంచెలు కాలిపోయాయి. వెయ్యిన్నర గొర్రెలు, కంచె లేదు. బంధువులూ వూరివాళ్ళూ వచ్చి వారం తిరక్కుండానే కంచె కట్టి పెట్టారు. దంపతులు దండలు వేసి వూరుకోలేదు. మిగతా రైతుల కంచెలు కడదాం రమ్మని పత్రికలో ప్రకటన ఇచ్చారు. అదే 'బ్లేజ్ ఎయిడ్'. నల్ల వేసవి తర్వాత కూడా వందల కొద్దీ వాలంటీర్లు ఈ సంస్థ శిబిరాల్లో దిగి కంచెలు కట్టారు. కంచె లేకపోతే మందను అమ్ముకోవాలి, మంద పోతే రైతు వూరొదలాలి. థాంక్స్ అంటే ఇట్లా వుండాలని నా అభిప్రాయం. పుచ్చుకున్న మేలు ఇచ్చినవాడికే తిరిగి ఇవ్వడం కుదరకపోవచ్చు. ముందుకు పంపవచ్చు.

అయితే అసలైన థాంక్స్ మంట రాకముందు చెప్పాలి. ఇళ్ళలో ఎక్కువ భాగం కాలేది మంట నేరుగా తగిలి కాదు, నిప్పురవ్వలు చూరు కాలువల్లోని ఎండుటాకుల మీద పడి. ఆ ఆకులు తీసి, ఇంటి చుట్టూ చెత్త ఎత్తేసుకునే గృహస్థు వాలంటీరుకు ఒక ఇంటి భారం తగ్గించినవాడవుతాడు. వేల ఏళ్ళుగా అక్కడి ఆదివాసులకు అదను చూసి చిన్న చల్లని మంటలు పెట్టి అడవిలో చెత్త తగ్గించే విద్య వుంది. ప్రభుత్వాలు వాళ్ళతో కలిసి పనిచేయాలని 2020లో రాయల్ కమిషన్ కూడా చెప్పింది. లింటన్‌లో 5 గురు పోయాక ప్రతి వాలంటీరుకూ కనీస శిక్షణ వుండాలని నియమం వచ్చింది. మే 4న లోకమంతా జరుపుకునే అగ్నిమాపకుల దినం కూడా ఆ అయిదుగురి మరణం తర్వాత, 1999లో మొదలైనదే. దినం మంచిదే. శిక్షణ నియమం దానికంటే మంచిది. ఎందుకంటే అది ఇంకొకరి ప్రాణం కాపాడుతుంది.

విద్యార్థి మిత్రులారా, మన దేశంలోనూ ఏప్రిల్ 14 వుంది. 1944లో ఆ రోజు బొంబాయి రేవులో ఓడ పేలి 66 మంది అగ్నిమాపక సిబ్బంది ప్రాణాలిచ్చారు. ఏటా ఆ రోజు నుంచి వారం జరుపుతారు. మన నల్లమలలో వేసవి రాగానే ఫైర్‌లైన్లు చిమ్మేదీ, మంట కనబడితే పచ్చికొమ్మలతో కొట్టి ఆర్పేదీ ఫైర్ వాచర్లు. వారిలో చెంచులు ఎందరో. వాళ్ళ పేరు ఏ సావనీర్‌లోనూ రాదు. ఆస్ట్రేలియా వాలంటీర్ల గురించి ఇంత రాసి, మన వాచరుకు చెప్పులున్నాయో లేదో అడగకపోతే ఈ వ్యాసానికి అర్థం లేదు.

చివరగా మన యూనియన్‌కు ఒక మనవి. మన కెమిస్ట్రీ ల్యాబు గోడకు ఒక ఎర్ర సిలిండరు వేలాడుతూ వుంటుంది. పక్కన ఇసుక బకెట్టు. మూడేళ్ళుగా రోజూ చూస్తున్నాం. పిన్ను లాగి, గొట్టం మంట మొదట్లోకి గురిపెట్టి, పిడి నొక్కి, అటూ ఇటూ వూపాలని ఎంతమందికి తెలుసు? వచ్చే ఏప్రిల్ 14న సభ, దండలు, వుపన్యాసాలు వద్దు. వూళ్ళోని ఫైర్ స్టేషన్ నుంచి ఇద్దరిని పిలిపించి, ఒక పూట క్లాసులు ఆపి, ప్రతి విద్యార్థి చేతా ఒక్కసారైనా ఆ పిడి నొక్కిద్దాం. హాస్టల్ వంటగది వాళ్ళనూ పిలుద్దాం. ఆ ఇద్దరినీ భోజనానికి వుంచేసి, వాళ్ళ పనిలో ఏం కొరతగా వుందో అడిగి రాసుకుందాం. రాసుకున్న కాగితం పై అధికారులకు పంపే బాధ్యత యూనియన్ తీసుకోవాలి. జవాబు వచ్చేదాకా అడుగుతూనే వుండాలి.

— తృతీయ సంవత్సరం బి.యస్సీ. విద్యార్థి